కొత్త ఫోన్లో ళ

చర్చి వీధి అంగట్లో గాజు బల్ల మీద
రెండిటినీ పక్కపక్కన పండబెట్టినాడు పిల్లోడు.
మధ్యన తెల్ల వైరు.
ఇంకా నలభై ఏడు నిమిషాలు అని చూపిస్తా ఉంది.
రక్తం ఎక్కించేచోట కూర్చున్నట్టు
స్టూలు మీద కూర్చున్నా.

పిల్లోడు అంకెలు చెప్తా ఉన్నాడు.
దానికి రెండు, దీనికి ఎనిమిది.
దానికి పదమూడు, దీనికి యాభై.
ఏమి రెండో, ఏమి ఎనిమిదో
నేనడగలా.
నా లెక్క వేరే ఉంది.

పాతదానికి చార్జరు నిలవాలంటే
వైరు కింద బస్సు టికెట్టు మడిచి పెట్టాల.
బంగారుపాళ్యం టికెట్టే.
గుడిపాలది పెట్టి చూసినా, నిలవలా.
కొత్తది
అన్నం వార్చేలోగా నిండిపోతుంది.

పాతదాంట్లో చోటుండేది కాదు.
ఒక ఫోటో తియ్యాలంటే ఒకటి చెరపాల.
షిఫ్టు బస్సులో వెనక్కి వెనక్కి జరుపుకుంటా
ఎవుర్ని పంపించేద్దామా అని చూసేదాన్ని.
గంగజాతరలో వేపాకు కట్టుకున్న మా తమ్ముడు
అయిదుసార్లు తప్పించుకున్నాడు.
కరెంటు బిల్లు పోయింది.
ఒక పెండ్లి మొత్తం పోయింది.
కొత్తది ఏమీ అడగదు,
ఎంత పోసినా ఇసక మాదిరి తాగతాది.
ఏది కావాల్నో, ఏది వద్దో
నేను చెప్పి వారమైంది.

పాత కెమెరా దేన్ని చూసినా
కొంచెం పసుపు పూసేది,
పచ్చి తోతాపురి కూడా మాగినట్టు పడేది.
కొత్తది నా చెంప మీది సొన మచ్చను
అడగకుండానే తుడిచేసింది.
లేచిపోయి అద్దంలో చూసుకున్నా.
ఉంది.

ఒక్కదాంట్లో రెండూ ఒకటే.
జూన్‌లో, జూలైలో నా వేలిని గుర్తుపట్టవు.
కాయలు ఏరి ఏరి, సొనకు కాలి
గీతలన్నీ నున్నగా అయిపోయుంటాయి.
ఆరువేలదానికీ తెలీదు,
ఇరవై రెండువేలదానికీ తెలీదు.
ఆగస్టులో ఫ్యాక్టరీ మూస్తే
తోలు ఊడి కొత్త గీతలొస్తాయి,
అప్పుడు మళ్ళీ నేనే.

అసలు సంగతి ఇది కాదు.

పాతదానికి కుడి అంచున
వేలెడు పట్టీ చచ్చిపోయి మూడేండ్లు.
అక్షరాల్లో ళ ఆ పట్టీలో చిక్కుకుంది.
నీళ్ళు నీల్లైనాయి.
ఊళ్ళో ఉన్నోళ్ళంతా ఊల్లో ఉన్నోల్లైనారు.
కళ్ళు మంట, రేపు రాలేనని సూపర్‌వైజరుకు పెడితే
కల్లు మంటని చేరి
లైను లైనంతా నవ్వింది.

పూంగొడి నవ్వలా.
ఆమెది పరదరామి అవతల, ఇంట్లో అరవం.
బెల్టు దగ్గర నా ఎడమపక్క నిలబడతాది.
తెలుగు చదవడం నా మెసేజీల్లోనే నేర్చుకుంది.
రేపు పగలా నైటా,
కూలి పడిందా,
చేతులకు కొబ్బరినూని రాసుకో మే.
ఇదే ఆమెకు వాచకం.

మొన్న కొత్తదాంట్లోంచి పెట్టినా:
ట్యాంకులో నీళ్ళు లేవు, ఇంటికాడ్నించి తెచ్చుకో.
చూసినట్టు రెండు గీతలు నీలమైనాయి.
చానాసేపు ఏమీ లేదు.
తర్వాత గొంతు పంపించింది:
"ఇదేం అక్షరమని బస్సులో ఒకాయన్ని అడిగితినక్కా.
చదివి చెప్పినాడు.
మా అరవంలో ఉండేదే గదా ఇది!
మీకు నోట్లోనే గానీ రాతలో లేదనుకుంటి.
మూడేండ్లుగా పాపం అనుకుంటా ఉంటి."

ఏం చెప్పాల్నో తెలీక
ఒక్క ళ పెట్టినా.
తన ఫోన్లో వెతుక్కోని
ఆమె కూడా ఒకటి పెట్టింది.

పాతదానికి మూడొందలు తీసేస్తానన్నాడు పిల్లోడు.
ఇయ్యలా.
అలారానికి పెట్టుకున్నా.
నాలుగున్నరకు మోగితే
ఎంత తాకినా ఊరుకోదు,
ఆపే గుండ్రం ఆ చచ్చిన పట్టీలోనే ఉంది.
లేచి, లైటేసి,
దాన్ని బోర్లా పండబెట్టాల.